అడ్డంకిని చూసి ఎంచుకోండి: రొమాన్స్ ట్రోపుల్లో మీకు నప్పేది ఏది?

రొమాన్స్ నవల ముగింపు ఏంటో అట్ట చూస్తేనే తెలిసిపోతుంది. చివరికి ఇద్దరూ కలుస్తారు. కలవకపోతే అది మంచి ప్రేమకథ అవుతుందేమో గానీ రొమాన్స్ కాదు. శరత్ ‘దేవదాసు’ని వందేళ్లుగా ఏడుస్తూ చదువుతున్నాం, అయినా దాన్ని రొమాన్స్ అరలో పెట్టరు. ఈ తరహా పుస్తకం కొనేవాళ్లకి సుఖాంతం అనేది రచయిత ఇచ్చిన మాట. ఆ మాట తప్పితే పాఠకులు క్షమించరు.

మరి చివరికి ఏమవుతుందో తెలిసీ మూడొందల పేజీలు ఎందుకు చదువుతాం? ఆ ఇద్దరినీ అప్పటిదాకా ఏది ఆపిందో, అది ఎలా తొలగిందో చూడ్డానికి. ట్రోప్ అని అందరూ అనేది ముఖ్యంగా దీన్నే. పగ, స్నేహం చెడుతుందేమోనన్న భయం, ఉత్తుత్తి పెళ్లి, ఎనిమిదేళ్ల నాటి గాయం, జీతమిచ్చే మనిషికీ తీసుకునే మనిషికీ మధ్య దూరం... ఇలా అడ్డంకి ఏదన్నదాన్ని బట్టే కథ రుచి ఉంటుంది. హీరో ఎంత అందగాడు, ఊరు ఏది, కాలం ఏది అన్నవి ఆ తర్వాతి సంగతులు.

అందుకే “మంచి రొమాన్స్ నవల ఏదైనా చెప్పండి” అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక్కటే అడుగుతాను: ఏ రకం ఆలస్యాన్ని మీరు ఓపిగ్గా భరించగలరు? ఇద్దరూ పోట్లాడుకుంటుంటే సరదాపడతారా, చిరాకుపడతారా? ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేదానికి ఇరవై అధ్యాయాలు నాన్చితే తట్టుకోగలరా? దీనికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

పోట్లాటతో మొదలా, స్నేహంతో మొదలా?

ఎనిమీస్ టు లవర్స్, ఫ్రెండ్స్ టు లవర్స్. ఎక్కువమంది తటపటాయించేది ఈ రెంటి మధ్యే. పైకి పూర్తిగా వ్యతిరేకం అనిపిస్తాయి. కానీ అసలు తేడా ప్రేమ ఎలా పుట్టింది అన్నదాంట్లో కంటే, కథ ఎప్పుడు మలుపు తిరుగుతుంది అన్నదాంట్లో ఉంది.

రెంటికీ ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ రాసిన నమూనాలున్నాయి కాబట్టి పోల్చడం తేలిక. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో హీరో డార్సీ మొదటి డాన్సు రోజునే హీరోయిన్ ఎలిజబెత్‌కి వినపడేంత దూరంలో నిలబడి, ఆమె పర్వాలేదు గానీ నన్ను ఊరించేంత అందగత్తె కాదంటాడు. ఆమె దాన్ని నవ్వుతూ స్నేహితులందరికీ చెప్పుకుంటుంది, మనసులో మాత్రం మేకు దిగిపోతుంది. మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ మొదటిసారి పెళ్లి ప్రస్తావన తెచ్చి చీవాట్లు తినేది 34వ అధ్యాయంలో, అంటే సగం దాటీ దాటకుండానే. ఆ తర్వాత కథంతా ఎలిజబెత్ తన అభిప్రాయాన్ని కొంచెం కొంచెంగా మార్చుకోవడమే. డార్సీ రాసిన ఉత్తరాన్ని మొదట కోపంగా చదువుతుంది, మళ్లీ చదువుతుంది, తప్పు తనవైపూ ఉందని తెలిసి సిగ్గుపడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో అతని భవంతి చూడ్డానికి వెళ్తే అక్కడ ఇల్లు చూసుకునే పెద్దావిడ, ఈయన్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎరుగుదును, నన్ను ఒక్కనాడూ ఒక్క పరుషమైన మాట అనలేదు అంటుంది. జీతానికి పనిచేసే మనిషి యజమాని వెనక చెప్పే మాట అది. ఎలిజబెత్‌కి ఏ పొగడ్తా పనిచేయని చోట అది పనిచేస్తుంది.

‘ఎమ్మా’ 1815లో వచ్చింది. హీరో నైట్లీ నాయిక ఎమ్మాకి చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, దాదాపు రోజూ ఇంటికొచ్చిపోయే మనిషి, తప్పు చేస్తే మొహమ్మీదే చెప్పేవాడు. పదహారేళ్లు పెద్ద కూడా, ఈ కాలం పాఠకులు కొందరికి అదొక్కటీ మింగుడుపడదు. ఇందులో 55 అధ్యాయాలుంటే, అతను వేరొకరిని చేసుకుంటే తాను తట్టుకోలేనని ఎమ్మాకి తట్టేది 47వ అధ్యాయంలో. అదీ తను చేరదీసిన అమ్మాయే వచ్చి నేను నైట్లీని ఇష్టపడుతున్నానని చెబితే. అప్పటిదాకా పాఠకుడికి తెలిసిన సంగతి ఆమెకి మాత్రమే తెలియదు.

ఈ లెక్కలోనే మీ జవాబు ఉంది. పోట్లాట కథల్లో మలుపు మధ్యలో వస్తుంది, ఆ తర్వాత మనసు మారడాన్ని తీరిగ్గా చూస్తాం. స్నేహం కథల్లో మలుపు చివర్లో వస్తుంది, అప్పటిదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. “ఎప్పుడు తెలుసుకుంటారురా బాబూ” అని పాఠకులు పళ్లు నూరుకోవడమే అందులో వినోదం. పళ్లు నూరుకోవడం మీకు పడకపోతే స్నేహం కథల జోలికి పోకండి.

పోట్లాట కథలకి ఇంకో చిక్కు ఉంది. ఎనిమీస్ టు లవర్స్ అని ముద్ర వేసి అమ్ముతున్నవాటిల్లో సగం అసలు శత్రుత్వం కథలే కావు, వేధింపు కథలు. ఇద్దరూ సమఉజ్జీలుగా ఉండి, అభిప్రాయం తేడాతోనో, పోటీ వల్లనో, పొరపాటుగా అర్థం చేసుకోవడం వల్లనో దెబ్బలాడుకుంటే అది శత్రుత్వం. ఒకరు వెంటపడి ఏడిపిస్తుంటే, రెండోవాళ్లు భరిస్తుంటే అది వేరే వ్యవహారం. వద్దన్న అమ్మాయి వెంటపడటాన్నే ప్రేమగా చూపించిన సినిమాలు మనం చాలానే చూశాం కాబట్టి ఈ తేడా మనకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పరీక్ష సులభం: హీరో మారింది ఆమె క్షమించక ముందా, క్షమించిన తర్వాతా? డార్సీ ముందే మారతాడు. ఎలిజబెత్ చెల్లెల్ని లేవదీసుకుపోయిన మనిషి అప్పులు తీర్చి, పెళ్లి చేయించి, ఆ సంగతి ఎలిజబెత్‌కి తెలియకూడదని మాట తీసుకుంటాడు. మార్కులు కొట్టేయడానికి చేసిన మంచి కాదది. ఆ భాగం లేకపోతే ఆ నవల రెండొందల ఏళ్లు నిలబడేది కాదని నా నమ్మకం.

ఉత్తుత్తి జంట, కాగితం మీది పెళ్లి

ఫేక్ డేటింగ్‌కి తెలుగువాళ్లకి పరిచయం అక్కర్లేదు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ మొత్తం అదే. బడిలో పంతులు ఉద్యోగాలకి చదువుకున్న భార్యాభర్తలే కావాలని ప్రకటన. పనిలేని రావుకి ఉద్యోగం కావాలి, అప్పులవాడి పోరు పడలేని మేరీకి డబ్బు కావాలి. అతను హిందువు, ఆమె క్రిస్టియన్. ఇద్దరూ మొగుడూ పెళ్లాలుగా నటిస్తూ జమీందారు ఊళ్లో దిగుతారు. ఒప్పందం ప్రకారం ఎవరి దారి వారిదే. కానీ రావు జమీందారు కూతురు సీతతో కాస్త చనువుగా ఉంటే మేరీకి ఒళ్లు మండుతుంది. నిజం మొగుడు కాదు కదా, ఆమెకెందుకు మంట? ఈ ట్రోప్‌లో రసమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఊరంతా వీళ్లని జంట అనుకుంటోంది, ప్రేక్షకులకి వీళ్లు జంట అవుతారని తెలుసు, తెలియనిది వాళ్లిద్దరికే.

కాంట్రాక్ట్ మ్యారేజ్ దీని అక్కలాంటిది. ఇప్పుడు ఫోన్ యాపుల్లో ఎపిసోడ్లుగా చదువుకునే తెలుగు సీరియల్స్‌లో దీనికి ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. తాతగారి వీలునామాలో షరతు, తమ్ముడి ఆపరేషన్ ఖర్చు, కంపెనీ పరువు, ఏదో ఒక కారణం మీద తాళి పడుతుంది. ఇక్కడ పెళ్లి నిజమైనది, ప్రేమ ఒక్కటే లేదు. ఫేక్ డేటింగ్‌లో ఎప్పుడైనా “ఇక చాలు” అని లేచిపోవచ్చు. కాంట్రాక్ట్ మ్యారేజ్‌లో తలుపు మూసి ఉంటుంది. అందుకే మొదటిది ఎక్కువగా కామెడీ వైపు పోతుంది, రెండోది బాధ వైపు.

ఇంగ్లిష్ రచయితలు ఈ తరహా పెళ్లికథలకి పందొమ్మిదో శతాబ్దం మొదటి రోజుల్ని అంతగా ఎంచుకోవడం వెనక చట్టం ఉంది. 1857కి ముందు ఇంగ్లండ్‌లో మళ్లీ పెళ్లి చేసుకునే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. అంటే మామూలు మనుషులకి తలుపు మూసుకున్నట్టే. కలిసి బతకడం తప్ప దారి లేని ఇద్దరు అపరిచితులు, అంతకంటే మంచి సరుకు ఏ రచయితకి దొరుకుతుంది?

మన సీరియల్స్‌లో మాత్రం “ఆరు నెలల కాంట్రాక్ట్, ఆ తర్వాత విడాకులు” అని హీరో కాగితం ముందు పడేస్తుంటాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లయిన ఏడాది లోపు మామూలుగా విడాకుల పిటిషనే వేయనివ్వరు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకైతే కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఆ హీరోకి లాయరు లేడా, ఇంత పెద్ద కంపెనీ ఎలా నడుపుతున్నాడు అని నాకు అనుమానం. సరే, కథకి అంత లెక్క చూడక్కర్లేదనుకోండి.

మన పాఠకులకి కాంట్రాక్ట్ మ్యారేజ్ అంతగా పట్టడానికి ఇంకో కారణం కనిపిస్తుంది. పెళ్లిచూపుల్లో అరగంట మాట్లాడి, నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఫోన్లో కబుర్లు చెప్పుకుని కాపురానికొచ్చిన జంటలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ముందు పెళ్లి, తర్వాత పరిచయం అన్నది మనకి వింత కాదు, బాగా తెలిసిన వరస. ఒక కొత్త మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, అతనికి కాఫీలో పంచదార ఎంత కావాలో, ఏ మాటకి మొహం మాడుతుందో నేర్చుకోవడం అనే పని చేసిన పాఠకురాలికి ఆ వివరాలు కథలో కనిపిస్తే తన సంగతే చదువుతున్నట్టుంటుంది. అమెరికా పాఠకులకి ఇది కల్పన, మనకి సగం జ్ఞాపకం.

ఎంపిక విషయానికొస్తే, నవ్వుకోవాలనుంటే ఫేక్ డేటింగ్. ఇంటి వాతావరణం, అత్తగారూ ఆడపడుచులూ, చిన్న చిన్న పనుల్లో పుట్టే దగ్గరితనం కావాలంటే కాంట్రాక్ట్ మ్యారేజ్. రెండోదాంట్లో మాత్రం ఆమె సమ్మతి గురించి రచయితకి పట్టింపు ఉందో లేదో మొదటి పది ఎపిసోడ్లలో చూసుకోండి. లేకపోతే అక్కడే ఆపేయండి, ముందుకెళ్లేకొద్దీ బాగుపడే రకం కాదది.

పాత ప్రేమకి రెండో అవకాశం

నా ఓటు దీనికే అని ముందే చెప్పేస్తున్నాను, కాబట్టి ఇక్కడ నా మాట కొంచెం తగ్గించుకుని వినండి.

మిగతా ట్రోపుల్లో రచయిత ఇద్దరు కొత్తవాళ్ల మధ్య ఆకర్షణని మొదటి నుంచీ కట్టుకుంటూ రావాలి. సెకండ్ ఛాన్స్‌లో ప్రేమ ముందే ఉంది, దాని మీద పేరుకున్న దుమ్ము దులపాలి. అందుకే ఇందులో పెద్ద సంఘటనలు అక్కర్లేదు. ఆస్టెన్ చివరగా పూర్తిచేసిన నవల ‘పర్స్యుయేషన్’ చూడండి. ఆన్ ఇలియట్‌కి 27 ఏళ్లు. ఎనిమిదేళ్ల కిందట వెంట్‌వర్త్ అనే నౌకాదళ అధికారికి చిల్లిగవ్వ లేదని, భవిష్యత్తు లేదని పెద్దలు నచ్చచెబితే పెళ్లి మానుకుంది. ఇప్పుడతను యుద్ధంలో పట్టుకున్న ఓడల సొమ్ముతో పాతికవేల పౌన్ల ఆస్తిపరుడై తిరిగొచ్చాడు. ఆమె ఆస్తులు కరిగాయి, అందం తగ్గింది. అతను ఆమెతో మర్యాదకి మించి ఒక్క మాట మాట్లాడడు.

ఒకరోజు ఆన్ కిందపడి దెబ్బ తగిలిన మేనల్లుడి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంటే, రెండేళ్ల రెండోవాడు వచ్చి వీపు మీద ఎక్కి మెడ పట్టుకుని వేలాడతాడు. దిగరా అంటే దిగడు. గదిలో ఇంకొకాయన కూర్చుని నోటితో చెబుతాడే గానీ లేవడు. ఉన్నట్టుండి బరువు తేలికైపోతుంది. ఎవరో వాడి చేతులు విడదీసి ఎత్తుకున్నారు. ఆ ఎత్తుకున్నది వెంట్‌వర్త్ అని ఆమెకి తెలిసేసరికి పని అయిపోయింది. ఆమెకి థాంక్స్ చెప్పడానికి కూడా నోరు పెగలదు, అతను అందుకు అవకాశం ఇవ్వకుండా పిల్లాడితో గట్టిగా ఆడుతుంటాడు. అంతే సన్నివేశం. ముట్టుకోలేదు, మాట్లాడలేదు. ఈ ట్రోప్ ఇష్టపడేవాళ్లు ఇలాంటి ఒక్క పేజీ కోసం యాభై పేజీలు ఓపిక పడతారు.

మొత్తం 24 అధ్యాయాల నవలలో అతను మనసు విప్పి ఉత్తరం రాసేది 23వ దాంట్లో. అదీ నలుగురున్న గదిలో, ఆన్ ఇంకొకరితో ఆడవాళ్ల ప్రేమ ఎంతకాలం నిలుస్తుందో వాదిస్తుంటే పక్క బల్ల దగ్గర కూర్చుని వింటూ రాస్తాడు.

ఇందులో రచయితలు తేల్చుకోలేక తడబడే చోటు ఒకటుంది: మొదటిసారి విడిపోవడం ఎవరి తప్పు? తప్పు మరీ పెద్దదైతే రెండో అవకాశం ఇవ్వడం పాఠకుడికి నచ్చదు. మరీ చిన్నదైతే ఇన్నేళ్లు దూరంగా ఎందుకున్నారో అర్థం కాదు. కాళిదాసుకీ ఇదే సమస్య వచ్చింది. మహాభారతంలో దుష్యంతుడికి శకుంతల గుర్తుంది, గుర్తుండీ నిండు సభలో నువ్వెవరో తెలియదంటాడు. అలాంటివాణ్ని నాయకుణ్ని చేసి ప్రేమ నాటకం రాయడం కష్టం. కాళిదాసు దూర్వాసుడి శాపాన్ని కల్పించాడు. రాజు మరిచిపోయింది శాపం వల్ల, ఉంగరం పోయింది నీళ్లలో, దొరికింది చేప కడుపులో. దాంతో తప్పు రాజు మీద నుంచి శాపం మీదికి పోయింది. ఉంగరం కనపడగానే రాజుకి గుర్తొచ్చి కుమిలిపోతాడు. ఆ తర్వాత సింహం పిల్ల నోరు తెరిచి పళ్లు లెక్కపెడతానంటున్న పిల్లాణ్ని చూసి, వాడు తన కొడుకేనని తెలుసుకుంటాడు. ఇప్పటి రొమాన్స్ పాఠకులు సీక్రెట్ బేబీ, మతిమరుపు అని వేర్వేరు పేర్లతో వెతుక్కునే రెండు ట్రోపులూ ఆ ఒక్క నాటకంలో ఉన్నాయి. కొత్తగా కనిపెట్టారని ఎవరైనా అంటే నవ్వుకోండి.

కాబట్టి సెకండ్ ఛాన్స్ నవల వెనక అట్ట చదివేటప్పుడు విడిపోవడానికి చెప్పిన కారణం చూడండి. పెద్దల ఒత్తిడి, డబ్బు, వయసు, ఊరు మారడం లాంటివైతే ధైర్యంగా తీసుకోండి. “ఆమెని వేరే అతనితో చూసి అపార్థం చేసుకుని పదేళ్లు మాట్లాడలేదు” అని ఉంటే నేనైతే కొనను. పదేళ్లలో ఒక్క ఫోన్ చేయలేని మనిషితో ఆమె ఎలా కాపురం చేస్తుంది?

బాస్ కథలు

ఆఫీసు యజమాని, అతని దగ్గర పనిచేసే అమ్మాయి. తెలుగులో దీనికి రాచబాట వేసింది యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’. పత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో పాఠకులు వచ్చే సంచిక కోసం కాచుకుని కూర్చున్నారు. 1976లో సినిమాగా వచ్చి అదీ ఆడింది. ఆరడుగుల ఎత్తు, కారు, ఎక్కువ మాట్లాడని గాంభీర్యం ఉన్న నవలా నాయకుడు ఆ రోజుల్లో ఎంతగా పాతుకుపోయాడంటే, పెళ్లి సంబంధాల దగ్గర అమ్మాయిలకి “నవల్లో హీరో కావాలా నీకు” అని చివాట్లు పడేవి. విమర్శకులు వెక్కిరించారు, చదివేవాళ్లు చదివారు. సీరియల్ పేజీలు చింపి కుట్టించి దాచుకున్న బైండులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అటక మీద ఉంటాయి.

వెక్కిరించడం తేలికే. కానీ ఆ పాఠకురాళ్లని ఆకట్టుకున్నది కారు ఒక్కటేనా? ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్ల కథకి నాయిక కావడం, ఆత్మాభిమానంతో యజమానికి ఎదురుచెప్పడం, అంత డబ్బున్నవాడు ఆమె అభిప్రాయం కోసం ఎదురుచూడటం, ఇవన్నీ అప్పట్లో చాలామంది ఆడవాళ్ల జీవితాల్లో లేనివి. నాకు తెలిసి అసలు ఆకర్షణ అక్కడుంది.

ఈ ట్రోప్‌లో అడ్డంకి అంతస్తు తేడా. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: పుస్తకం అయ్యేసరికి ఆ తేడా తగ్గిందా, లేక పెళ్లితో కప్పేశారా? 1847 నాటి ‘జేన్ ఎయిర్’లో షార్లట్ బ్రాంటీ దీన్ని ఎంత పట్టుదలగా చేసిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. యజమాని ఇంట్లో పిల్లకి చదువు చెప్పే జేన్, అతనికి ముందే భార్య ఉందని పెళ్లిపీటల దగ్గర తెలిసి ఇల్లు వదిలిపోతుంది. తర్వాత చిన్నాన్న ఆస్తి ఇరవై వేల పౌన్లు కలిసొస్తే, ముగ్గురు బంధువులతో సమానంగా పంచుకుని ఐదు వేలు ఉంచుకుంటుంది. అటు యజమాని ఇల్లు కాలిపోయి, చూపూ ఒక చెయ్యీ పోగొట్టుకుంటాడు. అప్పుడు తిరిగొస్తుంది, జీతం కోసం కాదు, తన డబ్బుతో తన కాళ్ల మీద నిలబడి. హీరోకి మరీ అంత శిక్ష వేయాలా అనిపించవచ్చు. కానీ ఇప్పటి బిలియనీర్ కథలు చాలావాటిల్లో ఆ అమ్మాయి చివరి పేజీలో కూడా అతని మీద ఆధారపడే ఉంటుంది, ఇల్లు మాత్రం పెద్దదవుతుంది. విలాసం చూసి సేదదీరడమే కావాలంటే అవీ తప్పేం కాదు. ఆత్మాభిమానం కావాలంటే మాత్రం చివరికి ఆమె ఉద్యోగం ఏమైందో ఎవరినైనా అడిగి మరీ కొనండి.

చిన్నాచితకా

ఒకే గది, ఒకే మంచం, వానలో చిక్కుకున్న కారు: ఇది ఒంటరిగా నిలబడే ట్రోప్ కాదు, పైవాటిల్లో దేనికైనా తోడుగా బాగుంటుంది. 1934 నాటి హాలీవుడ్ సినిమా ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’లో ఒకే గదిలో తలదాచుకోవాల్సొస్తే హీరో రెండు మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తాడు. ఆ దుప్పటి పుణ్యాన ఇద్దరూ అటొకరు ఇటొకరు పడుకుని మనసులో మాటలు మాట్లాడుకుంటారు. మన దగ్గర ఆ పని పెళ్లిల్లు చేస్తుంది. నాలుగు రోజులు, ఇంటినిండా చుట్టాలు, పడుకోవడానికి చోటు లేదు, ఒకళ్లని తప్పించుకుని ఒకళ్లు తిరగలేరు.

ముభావంగా ఉండే ఒకరు, గలగలా మాట్లాడే ఒకరు: అలసిపోయి ఉన్నప్పుడు చదువుకోడానికి దీన్ని మించింది లేదు. పెద్దగా ఏడిపించదు.

ముక్కోణపు ప్రేమ: ఇద్దరిలో ఎవరు దక్కించుకుంటారో నిజంగా తెలియనప్పుడే దీనికి అర్థం. చాలా పుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది, రెండో అబ్బాయి పాపం చివరిదాకా మంచివాడిగా ఉండి పక్కకి తప్పుకుంటాడు. నాకు ఓపిక లేదు, మీకుంటే మీ ఇష్టం.

పుస్తకమా, సీరియలా?

ట్రోప్ ఎంచుకున్నాక ఇది కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకే ట్రోప్ రెండుచోట్లా ఒకేలా పండదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, అక్కడికి చేర్చాల్సిన బాధ్యత రచయిత మీద ఉంటుంది. యాప్ సీరియల్‌కి చదివేవాళ్లు ఉన్నంతకాలం సాగదీయడంలోనే లాభం. కాయిన్లు పెట్టి ఎపిసోడ్ తెరిస్తే హీరో మెట్లెక్కడంతోనే అయిపోయిన సందర్భాలు సీరియల్ చదివేవాళ్లందరికీ అనుభవమే.

కాంట్రాక్ట్ మ్యారేజ్, బాస్ కథలు సీరియల్‌గా బాగానే నడుస్తాయి. రోజుకో గొడవ, రోజుకో చిన్న సర్దుబాటు వాటి స్వభావంలోనే ఉంది, వంటింట్లో పని చేసుకుంటూ కూడా చదువుకోవచ్చు. పోట్లాట కథ సీరియల్‌లో సాగితే పాడైపోతుంది. మలుపు రావాల్సిన చోట రాకపోతే పోట్లాట కాస్తా ఈసడింపు అవుతుంది, ఆ తర్వాత ప్రేమ అన్నా ఎవరూ నమ్మరు. సెకండ్ ఛాన్స్, స్నేహం కథలు పుస్తకంగానే చదవండి. వాటిల్లో మొదటి అధ్యాయంలో పడిన చిన్న మాట చివర్లో పనికొస్తుంది. నెలల తరబడి ముక్కలుగా చదివితే ఆ మాట గుర్తుండదు.

సీరియల్ మొదలుపెట్టే ముందు అది పూర్తయిందో లేదో చూసుకోండి. పూర్తికానిదైతే చివరి ఎపిసోడ్ కింద పాఠకుల కామెంట్లు చదవండి. “తర్వాతి భాగం ఎప్పుడు” అని ఉంటే పర్వాలేదు. “ఇంకా ఎన్నాళ్లు మేడమ్” అని వరసగా కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి.

ఇంత చదివాక కూడా ఎటూ తేలకపోతే ‘పర్స్యుయేషన్’తో మొదలుపెట్టండి. చిన్న నవల, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ పాఠం ఉచితంగా దొరుకుతుంది. తొమ్మిదో అధ్యాయంలో ఆ పిల్లాడి సన్నివేశం దగ్గర విసుగొస్తే సెకండ్ ఛాన్స్ మీకు సరిపడదు, మారు మాట లేకుండా ఫేక్ డేటింగ్‌కి వెళ్లిపోండి.